కొల్లాజెన్ ఎక్కువైతే ఏమవుతుంది?

ఈ మధ్య ఏ మందుల దుకాణానికి వెళ్లినా గల్లా పక్కనే కొల్లాజెన్ డబ్బాలు కనిపిస్తున్నాయి. పొడులు, మాత్రలు, పిల్లలు చప్పరించే జెల్లీల్లాంటి గమ్మీలు. ముడతలు పోతాయని, కీళ్లు సాఫీగా కదులుతాయని, జుట్టు రాలదని వాటి మీద రాసి ఉంటుంది. అవి చదివితే కొల్లాజెన్ ఎంత ఉంటే అంత మంచిదేమో అనిపిస్తుంది. అదే వీధిలో నాలుగడుగులు వేస్తే పాన్ డబ్బా. అక్కడ తోరణాల్లా వేలాడే వక్కపొడి, పాన్ మసాలా పొట్లాల మీద కొల్లాజెన్ ఊసే ఉండదు. కానీ మనిషి శరీరంలో కొల్లాజెన్‌ను నిజంగా పెంచుతుందని గట్టి రుజువులున్న సరుకు ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే, నేను ఆ రెండో దుకాణాన్నే చూపిస్తాను.

ఇది వెటకారం కాదు. మన దేశంలో కొల్లాజెన్ వల్ల వచ్చే పెద్ద ఆరోగ్య సమస్య అది తగ్గడం కాదని, చోటు కాని చోట పెరిగి కరగకుండా మిగిలిపోవడమని నా వాదన. దీన్ని ముఖ సౌందర్యానికి సంబంధించిన విషయంగా మాత్రమే చూడటం వల్ల అసలు జబ్బులు మన చూపులో పడటం లేదు.

ముందు డబ్బాల సంగతి చూసేద్దాం. నోటితో తీసుకున్న కొల్లాజెన్ కడుపులో, పేగుల్లో ముక్కలైపోతుంది. చాలావరకు విడి అమైనో ఆమ్లాలుగా, కొంత రెండు మూడు ఆమ్లాల చిన్న గొలుసులుగా రక్తంలోకి చేరుతుంది. ఆ ముక్కల మీద 'చర్మానికి' అని చిరునామా రాసి ఉండదు. 2025లో అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక సమీక్ష 23 క్లినికల్ పరీక్షల్ని, వాటిలో పాల్గొన్న 1,474 మందిని కలిపి చూసింది. అన్నిటినీ ఒకచోట చేర్చినప్పుడు చర్మంలో తేమ, సాగే గుణం, ముడతలు కాస్త మెరుగైనట్టే కనిపించింది. కంపెనీల డబ్బు తీసుకోని పరీక్షల్ని విడిగా లెక్కిస్తే ఆ మేలు కనిపించలేదు. నాణ్యత ఎక్కువున్న పరీక్షల్లోనూ అంతే. అందుకని ఆ పొడి విషమని కాదు, మామూలు ప్రొటీన్ లాగే అరిగిపోతుంది. ఖరీదు మాత్రం పప్పు కంటే, గుడ్డు కంటే చాలా ఎక్కువ.

మూడు పేటల తాడు

మన శరీరంలోని ప్రొటీన్లలో పావు వంతుకు పైగా కొల్లాజెనే. చర్మం, ఎముక, రక్తనాళాల గోడలు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయుబంధనాలు, అన్నీ దీని మీదే నిలబడ్డాయి. ఇప్పటిదాకా 28 రకాల కొల్లాజెన్లను గుర్తించారు. ఎక్కువగా ఉండేది టైప్-1. దాని ఆకారం తేలింది మన దగ్గరే. మద్రాసు విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కంగారూ తోకలోని స్నాయుబంధనాన్ని ఎక్స్-కిరణాలతో పరిశీలించి, మూడు గొలుసులు ఒకదానితో ఒకటి మెలివేసుకున్న తాడు లాంటి నిర్మాణాన్ని 1954, 1955ల్లో నేచర్ పత్రికలో ప్రతిపాదించారు. భౌతికశాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి ఈ కథ మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది, క్షమించాలి.

ఆ తాడులో ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసిన్ కావాల్సిందే. మూడు పేటలు దగ్గరగా చేరే నడిమి ఇరుకులో అన్నిటికంటే చిన్నదైన గ్లైసిన్ మాత్రమే పడుతుంది. సుమారు వెయ్యి ఆమ్లాల గొలుసులో ఒక్క గ్లైసిన్ మారినా తాడు సరిగా మెలిపడదు. చిన్న దెబ్బకే ఎముకలు విరిగిపోయే పుట్టుకతో వచ్చే జబ్బుకు చాలామందిలో మూలం ఇలాంటి మార్పే.

ఇంత సున్నితమైన సరుకు కనుక, దీని తయారీని శరీరం ఒక్కచోట కాకుండా అడుగడుగునా అదుపు చేస్తుంది. జన్యువు ఎంత పనిచేయాలన్నది మొదటి మెట్టు. గొలుసు తయారయ్యాక దానిలోని ప్రోలిన్ అనే ఆమ్లానికి చిన్న రసాయన అతుకు వేయడం రెండోది. ఆ అతుకు వేసే ఎంజైమ్‌కు ఇనుము, విటమిన్ సి కావాలి. అతుకు పడకపోతే ఏమవుతుందో 1970లలో కొలిచారు. అతుకు లేని కొల్లాజెన్ తాడు సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే విడిపోతుంది. అతుకు ఉన్నది దాదాపు 40 డిగ్రీల వరకు నిలుస్తుంది. మన ఒంటి వేడి 37. అంటే విటమిన్ సి లేని శరీరంలో కొత్త కొల్లాజెన్ తయారవుతూనే విచ్చుకుపోతుంటుంది. స్కర్వీ జబ్బు అంటే అదే.

స్కర్వీ గురించి నన్ను ఎప్పుడూ వెంటాడే విషయం ఒకటుంది. 1740లలో బ్రిటిష్ నౌకాధికారి జార్జ్ యాన్సన్ చేసిన సముద్రయానంలో వందల మంది నావికులు ఈ జబ్బుతో పోయారు. ఆ యాత్రా వృత్తాంతంలో ఒక వృద్ధ సైనికుడి ప్రస్తావన ఉంది. యాభై ఏళ్ల కిందట, 1690లో ఐర్లండ్‌లోని బాయిన్ యుద్ధంలో అతనికి తగిలి ఎప్పుడో మానిపోయిన గాయాలు స్కర్వీ ముదిరేసరికి మళ్లీ తెరుచుకున్నాయి. మానిన మచ్చ ఒకసారి కట్టి వదిలేసిన గోడ కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. అక్కడ పాతది కరుగుతూ, కొత్తది పడుతూ యాభై ఏళ్లుగా పని నడుస్తూనే ఉంది. కొత్తది రావడం ఆగగానే కరిగే పని ఒక్కటే మిగిలింది.

కణం లోపల మెలివేసిన తాడు ఉన్నపళంగా పనికి రాదు. దాని రెండు కొసల్లో ముడి లాంటి భాగాలుంటాయి. అవి ఉన్నంతవరకు తాళ్లు ఒకదానికొకటి అతుక్కోవు. కణం బయటికి వచ్చాక వేరే ఎంజైములు వాటిని కత్తిరిస్తాయి. అప్పుడే తాళ్లు పక్కపక్కన చేరి దారాలవుతాయి. ఆ తర్వాత లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ తాడుకూ తాడుకూ మధ్య అడ్డ లంకెలు వేస్తుంది. ఈ ఎంజైమ్‌కు రాగి కావాలి. దీన్ని మళ్లీ మనం వక్క దగ్గర కలుస్తాం.

ఇక కరిగించే పని. 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ అనే శాస్త్రవేత్తలు తోకకప్ప కప్పగా మారేటప్పుడు ఆ తోక ఎక్కడికి పోతుందని చూశారు. తోకలో ఉన్న కొల్లాజెన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్ దొరికింది. దానికి కొల్లాజినేజ్ అని పేరు. మనుషుల్లోనూ ఆ కుటుంబపు ఎంజైములున్నాయి, వాటికి కళ్లెం వేసే ప్రొటీన్లూ ఉన్నాయి. తయారీ, లంకె, కరుగుదల, ఈ మూడింటి మధ్య కుదిరే సమతూకాన్నే మనం ఆరోగ్యం అంటున్నాం.

ఈ సమతూకం అన్ని అవయవాల్లోనూ ఒకే వేగంతో నడవదు. 1950ల చివర, 1960ల మొదట్లో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో రేడియో కార్బన్ ఒక్కసారిగా పెరిగింది. ఆ కాలంలో ఏర్పడిన కణజాలంలో ఆ గుర్తు ఉండిపోయింది. డెన్మార్క్ పరిశోధకులు 2013లో ఈ కిటుకుతో మడమ వెనుక ఉండే అకిలీస్ స్నాయుబంధనం వయసు కట్టారు. దాని నడిమి భాగం సుమారు 17 ఏళ్ల వయసు దాటాక దాదాపు మారదని తేలింది. చర్మంలోని కొల్లాజెన్ సగం మారడానికి పదిహేనేళ్లు పడుతుందని మరో లెక్క. మూడు నెలల్లో మార్పు చూడండి అనే ప్రకటన కనిపించినప్పుడు ఈ అంకెలు గుర్తుచేసుకోవచ్చు.

తక్కువవడం కూడా సమస్యే, కాదనను. తెల్లబడతామని డాక్టరు చీటీ లేకుండా కొని నెలల తరబడి రాసుకునే స్టెరాయిడ్ కలిపిన క్రీములు కొల్లాజెన్ తయారీని అణచివేస్తాయి. చర్మం పల్చబడి కింద రక్తనాళాలు కనిపిస్తాయి. ఒక షాపులో కొల్లాజెన్ తగ్గించే క్రీము, పక్క అరలో పెంచుతామనే పొడి. రెండూ అందం పేరుతోనే.

ఆగని పని

చెయ్యి కోసుకుందనుకోండి. రక్తపు ప్లేట్‌లెట్లు గాయం దగ్గర టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి. దాంతో ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు మేల్కొంటాయి. కొన్ని మయోఫైబ్రోబ్లాస్టులుగా మారతాయి. వీటిని 1971లో జెనీవాలో జూలియో గబ్బియానీ బృందం గుర్తించింది. ఇవి సగం కండర కణంలా లాగగలవు, సగం కొల్లాజెన్ ఫ్యాక్టరీలా పనిచేస్తాయి. గాయం అంచుల్ని దగ్గరికి లాగి మధ్యలో దారాలు పరుస్తాయి. మొదట పల్చని టైప్-3 కొల్లాజెన్ పడుతుంది. వారాల తర్వాత దాని స్థానంలో గట్టి టైప్-1 వస్తుంది. పని అయ్యాక మయోఫైబ్రోబ్లాస్టులు తమంతట తాము చనిపోతాయి. ఈ చివరి వాక్యమే అన్నిటికంటే ముఖ్యం. అవి చనిపోకుండా ఉండిపోతే వచ్చేదే ఫైబ్రోసిస్, అంటే అవయవం మచ్చలాగా గట్టిపడటం.

ఎందుకు ఉండిపోతాయి? ఇక్కడ జీవశాస్త్రంలోకి భౌతికశాస్త్రం నేరుగా వచ్చి కూర్చుంటుంది. టీజీఎఫ్-బీటా చాలావరకు కణాల బయట ఉన్న దారాల్లో తాళం వేసి దాచి ఉంటుంది. ఆ తాళాన్ని మయోఫైబ్రోబ్లాస్టులు లాగి తెరవగలవని 2007లో బోరిస్ హింజ్ బృందం చూపించింది. అయితే ఒక షరతు ఉంది. చుట్టూ ఉన్న కణజాలం గట్టిగా ఉంటేనే తాళం తెరుచుకుంటుంది. జున్నులో గుచ్చిన పుల్లకు దారం కట్టి లాగితే జున్నే కదిలి వస్తుంది. గోడకు కొట్టిన మేకుకు కట్టి లాగితే దారం బిగుస్తుంది. ఆరోగ్యంగా మెత్తగా ఉన్న కణజాలం జున్ను లాంటిది, అక్కడ తాళం ఊడదు. ఏ కారణం చేతనో గట్టిపడిందా, కణం లాగుతుంది, టీజీఎఫ్-బీటా బయటికి వస్తుంది, కొల్లాజెన్ ఇంకా పెరుగుతుంది, కణజాలం ఇంకా గట్టిపడుతుంది, తాళం ఇంకా తేలిగ్గా ఊడుతుంది. పెళ్లి పందిట్లో మైకును స్పీకరు ముందుకు తెస్తే 'కుయ్' మని మోగి ఆగదు చూడండి, సరిగ్గా అదే. మొదట శబ్దం చేసినవాళ్లు వెళ్లిపోయినా మోత ఆగదు.

చెవి కుట్టించుకున్నచోట కొందరికి గడ్డలా పెరిగే కీలాయిడ్ ఈ అతి ధోరణికి చిన్న ఉదాహరణ. అది చూడ్డానికి బాగుండదు, దురద పెడుతుంది, అంతవరకే. ఊపిరితిత్తుల్లో అయితే ప్రాణం మీదికి వస్తుంది. రాళ్ల క్వారీల్లో, క్రషర్ల దగ్గర, బలపాల తయారీలో పీల్చిన సన్నని సిలికా ధూళిని ఊపిరితిత్తుల్లోని కణాలు మింగుతాయి, అరిగించుకోలేక చనిపోతాయి. వాటిలోంచి పడ్డ ధూళిని మరో కణం మింగుతుంది. గాయం మానే అవకాశమే ఉండదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ బలపాల కార్మికుల్లో ఈ సిలికోసిస్‌ను ఎన్నో ఏళ్ల క్రితమే నమోదు చేశారు. పని మానేసినా జబ్బు ముదురుతూ పోవచ్చు, పైన చెప్పిన మైకు మోత లాగే. రాజస్థాన్ 2019లో ఈ ధూళి జబ్బుల బాధితుల కోసం ఒక విధానమే తెచ్చింది. క్వారీలున్న ప్రతి రాష్ట్రానికీ అలాంటిది అవసరం. దాని మీద విడిగా రాయాలి.

వక్క చేసే మూడు పనులు

ఈ జబ్బుల్లో మనదని చెప్పదగ్గది ఇంకొకటి ఉంది. 1952లో కెన్యాలో స్థిరపడిన ఐదుగురు భారతీయ స్త్రీల నోళ్లలో ఒక వింత మార్పును ష్వార్ట్జ్ అనే వైద్యుడు వర్ణించాడు. మరుసటి ఏడాది మన దేశంలో జోషి అనే వైద్యుడు ఇక్కడి రోగుల్లో అదే చూశాడు. ఇప్పుడు దాన్ని ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటున్నారు. మొదట కారం తగిలితే నోరు భరించలేనంత మండుతుంది. ఆవకాయ ముద్ద కాదు కదా, మామూలు కూర కూడా తినలేరు. తర్వాత బుగ్గల లోపలి పొర పాలిపోయి చలువరాయిలా తెల్లబడుతుంది. వేలు పెట్టి తడిమితే పొర కింద నిలువుగా తాళ్లు తగులుతాయి. ఆ తాళ్లు కొల్లాజెనే. నోరు తెరవడం నెలనెలకూ తగ్గుతుంది. నాలుక బయటికి చాపలేరు, ఈల వేయలేరు, బుగ్గలు పూరించలేరు. చివరికి ముద్ద నోట్లో పెట్టుకోవడమే కష్టమవుతుంది.

దీనికి ప్రధాన కారణం వక్క. పొగాకు కలిసినా కలవకపోయినా.

వక్కలోని అరెకోలిన్, దాని నుంచి వచ్చే మరో రసాయనం అరెకైడిన్, ప్రయోగశాలలో ఫైబ్రోబ్లాస్ట్ కణాల్ని కొల్లాజెన్ తయారీకి పురిగొల్పుతాయి. ఇది తయారీ మెట్టు. వక్కలో రాగి చాలా ఎక్కువ. లైసిల్ ఆక్సిడేజ్‌కు రాగి కావాలని పైన చెప్పుకున్నాం. ఈ జబ్బు ఉన్నవారి నోటి కణజాలంలో ఆ ఎంజైమ్ పని పెరిగి ఉన్నట్టు పరిశోధనలు చూపాయి. ఇది లంకెల మెట్టు. మూడోది వక్కకు వగరు రుచినిచ్చే టానిన్లు. ఇవి కొల్లాజెన్‌కు అతుక్కుని, కొల్లాజినేజ్ దాన్ని ముక్కలు చేయకుండా అడ్డుపడతాయని 1987లో ఒక బృందం చూపించింది. ఇది కరుగుదల మెట్టు.

ఈ మూడోదాన్ని మన పెద్దలకు వివరించాల్సిన పనే లేదు. దక్షిణ భారతంలో తరతరాలుగా పచ్చి తోళ్లను తంగేడు చెక్క నానబెట్టిన నీళ్లలో వేసి పదును చేసేవారు. చెక్కలోని టానిన్ తోలులోని కొల్లాజెన్‌కు పట్టి, అది కుళ్లకుండా, సూక్ష్మజీవుల ఎంజైములు దాన్ని తినకుండా కాపాడుతుంది. చెప్పు ఏళ్ల తరబడి నిలవడానికి కారణం అదే. వక్కను బుగ్గన పెట్టుకుని గంటల కొద్దీ ఊరనిస్తే బుగ్గ లోపలి తోలుకూ ఆ పదునే పడుతుంది. బతికున్న మనిషి నోట్లో అన్నదే తేడా.

శరీరం కొల్లాజెన్‌ను అదుపు చేయడానికి వాడుకునే మూడు మెట్ల మీదా ఒకే గింజ ఒకేసారి దెబ్బ వేయడం అరుదైన సంగతి. ఇంత స్పష్టంగా పనితీరు అర్థమైన ఫైబ్రోసిస్‌లు ఎన్నో లేవు. ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్‌లో ఒక పెద్ద భాగానికి కారణం తెలియదనే పేరు పెట్టుకున్నాం. ఇక్కడ కారణం తెలుసు, ధర తెలుసు, అమ్మే కొట్టు కూడా తెలుసు.

"మా అమ్మమ్మ రోజూ తాంబూలం వేసుకునేది, ఎనభై ఏళ్లు బతికింది" అని చాలామంది అంటారు. ఆ మాటలో కొంత విషయం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, ఇతర వైద్యులు కలిసి 1996లో ప్రచురించిన అధ్యయనంలో తమలపాకుతో వక్క వేసుకునేవారిలో ఈ జబ్బు సగటున 8.6 ఏళ్లకు కనిపించింది. పాన్ మసాలా, గుట్కా నమిలేవారిలో 2.7 ఏళ్లకే. పొట్లంలో ఆకు ఉండదు, ఎండిన వక్క ఎక్కువ, పైగా జేబులో ఉంటుంది కనుక రోజుకు ఎన్నిసార్లయినా నోట్లో పోసుకోవచ్చు. కాబట్టి పేరంటంలో ఒక కిళ్లీ వేసుకున్నవారిని, రోజుకు పదిహేను పొట్లాలు చింపే కుర్రవాణ్ణి ఒకే గాటన కట్టకూడదు. కానీ ఆ 8.6 అంకె మీదా ఒకసారి చూపు నిలపాలి. ఆకు అడ్డుపడితే జబ్బు ఆలస్యమైంది, మాయం కాలేదు.

నోరు మూసుకుపోవడంతో ఇది ఆగదు. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో ఈ జబ్బు ఉన్నవారిని 17 ఏళ్ల పాటు గమనిస్తే 7.6 శాతం మందికి నోటి క్యాన్సర్ వచ్చిందని 1985లో వచ్చిన పరిశోధన చెప్పింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు కలవని వక్కను కూడా మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చి ఇరవై ఏళ్లు దాటింది. 2022లో ప్రపంచవ్యాప్తంగా వచ్చిన సుమారు 3,89,800 నోటి క్యాన్సర్లలో 1,20,200 పొగరాని పొగాకు, వక్కల వల్లేనని, అందులో 83,400 భారత్‌లోనివేనని 2024లో లాన్సెట్ ఆంకాలజీ అంచనా వేసింది.

ఇప్పుడు మన నియమాలు చూడండి. ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధన చెబుతోంది. దాన్ని ఆధారం చేసుకుని 2012 నుంచి ఒక్కో రాష్ట్రం గుట్కాను నిషేధించింది. వెంటనే రెండు పొట్లాల పద్ధతి వచ్చింది. పాన్ మసాలా ఒకటి, పొగాకు ఒకటి, కలుపుకునేది కొనేవాడు. కానీ నాకు అంతకంటే బాధ కలిగించేది ఈ నిబంధన వెనుక ఉన్న ఆలోచన. చెడ్డది పొగాకు ఒక్కటేనని, అది లేకపోతే మిగిలింది నోటి సువాసన పదార్థమేనని అది అనుకుంటోంది. పొట్లం మీద 'పొగాకు లేదు' అన్న మాటను తల్లిదండ్రులు భరోసాగా చదువుకుంటారు. పొట్లం మీద ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరిక ఉంటుంది, నిజమే. ఏ హాని అన్నది ఉండదు. 'నోరు తెరవలేకపోవచ్చు' అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాస్తే చదివిన పదో తరగతి పిల్లవాడు ఒక క్షణం ఆగుతాడని నా నమ్మకం.

వక్కను పూర్తిగా నిషేధించాలని నేను అనడం లేదు. ప్రపంచంలో అత్యధికంగా వక్క పండించేదీ వాడేదీ మన దేశమే. కర్ణాటక మలెనాడులో, కేరళలో, అస్సాంలో లక్షల కుటుంబాలు ఆ తోటల మీద బతుకుతున్నాయి. పూజలో, పెళ్లిలో, తాంబూలంలో వక్క లేకుండా మనకు కుదరదు, ఆ పళ్లెంలో ఉన్న వక్క ఎవరికీ హాని చేయదు. అడిగేది ఇంతే: రూపాయికో రెండు రూపాయలకో దొరికే పొట్లాన్ని పిల్లలకు అమ్మకుండా సిగరెట్టు మీద ఉన్నంత కట్టుదిట్టం ఉండాలి, 'పొగాకు లేదు' అన్న ప్రచారాన్ని ఆపాలి, సినిమా తారలు యాలకుల పేరుతో అదే బ్రాండుకు చేసే ప్రకటనల్ని పాన్ మసాలా ప్రకటనలుగానే లెక్కించాలి. తోటల రైతులకు మరో పంటకు మారే దారి చూపించడం పదేళ్ల పని, అందుకే అది ముందుగా మొదలుపెట్టాలి.

మందులేవీ లేవా అంటే, ఉన్నాయి, పరిమితులతో. ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్‌కు పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ అనే రెండు మందుల్ని 2014లో అమెరికా ఆమోదించింది. అవి జబ్బు ముదిరే వేగాన్ని తగ్గిస్తాయి, వెనక్కి తిప్పవు. కాలేయం కథ ఇంకా ఆశాజనకం. హెపటైటిస్-బి వల్ల సిరోసిస్ వచ్చిన 96 మందికి ఐదేళ్లు టెనోఫోవిర్ ఇచ్చి వైరస్‌ను అణిచి, కాలేయం ముక్క తీసి చూస్తే 71 మందిలో సిరోసిస్ కనిపించలేదని 2013లో లాన్సెట్ ప్రచురించింది. సిరోసిస్ అంటే ఇక తిరుగులేదని చదువుకున్న తరానికి అది ఆశ్చర్యమే. కారణాన్ని తొలగిస్తే శరీరంలోని కరిగించే ఎంజైములు తమ పని తాము చేసుకుపోగలవు.

అయితే నోట్లో అలా జరగడం లేదు. వక్క మానేస్తే మంట తగ్గుతుంది, జబ్బు ముదరడం నెమ్మదిస్తుంది, ఏర్పడ్డ తాళ్లు మాత్రం చాలామందిలో అలాగే మిగిలిపోతాయి. లంకెలు బలంగా పడి, టానిన్ పట్టిన కొల్లాజెన్‌ను కరిగించడం ఎంజైములకు అంత తేలిక కాదని అనుకోవడానికి పైన చెప్పిన రసాయనం తగిన కారణం ఇస్తోంది. కాలేయానికీ బుగ్గకూ ఉన్న ఈ తేడాను తేల్చే పరిశోధన మన దేశంలోనే జరగాలి. రోగులు ఇక్కడున్నారు, కొల్లాజెన్ మీద డెబ్బై ఏళ్ల అనుభవం ఇక్కడుంది. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థకు టానిన్ కొల్లాజెన్‌తో ఏం చేస్తుందో తెలిసినంతగా మరెవరికి తెలుసు? దంత వైద్య కళాశాలలు, ఆ సంస్థ ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి ప్రభుత్వం డబ్బు పెట్టాలి. కొల్లాజెన్ పొడుల మార్కెట్‌తో పోలిస్తే అది చిల్లర ఖర్చు.

ఈలోగా ముందుగా పట్టుకోవడమే దారి. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి ముందు పళ్ల మధ్య పెట్టుకుంటే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఎక్కువమందికి పడతాయి. రెండే పడితే, అందులోనూ వక్క అలవాటు ఉంటే, దంత వైద్యుడికి చూపించుకోవాలి. దీనికి పరికరం అక్కర్లేదు. బడిలో, క్వారీలో, బస్ డిపోలో జరిగే ఆరోగ్య శిబిరాల్లో బీపీ చూసే నిమిషంలోనే ఇదీ చూడొచ్చు, ఆశా కార్యకర్త కూడా చూడగలరు.

ముదిరాక చేసేది ఇదీ: బుగ్గల్లోకి స్టెరాయిడ్, హయాల్యురోనిడేజ్ సూది మందులు, కుదరకపోతే తాళ్లను కోసే శస్త్రచికిత్స. రెండింటి తర్వాతా రోజూ వ్యాయామం తప్పదు. కోసినచోట కొత్త మచ్చ, అంటే మళ్లీ కొల్లాజెనే, ఏర్పడి నోరు తిరిగి బిగుసుకోవచ్చు. అందుకని రోగి చేతికి ఐస్‌క్రీమ్ పుల్లల కట్ట ఇస్తారు. పళ్ల మధ్య పట్టినన్ని పుల్లలు పేర్చి కాసేపు ఉంచాలి, రోజుకు ఎన్నోసార్లు. కొన్నాళ్లకు ఇంకో పుల్ల. ఒక్కో పుల్ల మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు. నెలల తరబడి అలా చేసి, చెంచా పట్టేంత నోరు తిరిగి తెచ్చుకుంటారు.